డేనిష్ కుర్చీ నేర్చుకోవడానికి ఏ దారి: అకాడమీ, కార్ఖానా, లేక మన ఊరి వడ్రంగి బల్ల

డెన్మార్క్‌లో రూపుదిద్దుకున్న డేనిష్ కుర్చీలను ఇష్టపడి, వాటిని కొనడంతో ఆగకుండా అలాంటి కుర్చీని తామే గీసి తామే చేయాలనుకునే వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఎక్కడ నేర్చుకోవాలన్నది. కోపెన్‌హేగన్‌లో రెండేళ్ల మాస్టర్స్ చేయాలా, అక్కడి కార్ఖానాలో శిష్యరికానికి ప్రయత్నించాలా, అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ (ఎన్.ఐ.డి.) సరిపోతుందా, లేక మన ఊళ్లో చెయ్యి తిరిగిన వడ్రంగి పక్కన ఆరు నెలలు నిలబడితే ఎక్కువ వస్తుందా అన్నది వారికి తేలదు. నా అభిప్రాయంలో సంస్థల పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. కుర్చీ చేయడానికి మూడు కావాలి: కొలతను పట్టే కన్ను, అతుకును నిలబెట్టే చెయ్యి, ఆ రెంటినీ కాగితం మీదికి తెచ్చే గీత. ఈ మూడింటిలో మీకు ఏది తక్కువగా ఉందో దాన్ని నింపే దారే మీ దారి. ఉన్నదాన్నే మళ్లీ నేర్పే చోటికి వెళ్తే, ఆ చోటు ఎంత పేరున్నదైనా, డబ్బూ కాలమూ రెండూ వృథా అవుతాయి.

ముందు డేనిష్ కుర్చీ సంప్రదాయం ఏమిటో చెప్పుకోవాలి. సన్నని కాళ్లు, లేత రంగు చెక్క, అలంకారం లేని రూపం అన్నవి దాని ఫలితాలు మాత్రమే. వాటి వెనుక ఉన్నది ఒక పని పద్ధతి. 1924లో కోపెన్‌హేగన్‌లోని రాయల్ డేనిష్ అకాడమీలో ఫర్నిచర్ శిక్షణ మొదలైనప్పుడు దాన్ని తీర్చిదిద్దిన ఆర్కిటెక్టు కోరె క్లింట్, విద్యార్థులను కొత్త రూపాలు కనిపెట్టమని తొందరపెట్టలేదు. పాత వస్తువులను కొలవమన్నాడు. కూర్చున్న మనిషి శరీరం కొలతలు, అలమారలో పెట్టే బట్టలు, గిన్నెల కొలతలు, కాలపరీక్షకు నిలిచిన కుర్చీల కొలతలు తీసి, వాటిని పెద్ద కాగితం మీద గీయడమే అక్కడ మొదటి పాఠం. ఆయన 1927లో చేసిన రెడ్ చైర్‌కు మూలం 18వ శతాబ్దపు ఇంగ్లిష్ చిప్పెండేల్ శైలి కుర్చీ. 1933 నాటి సఫారీ కుర్చీకి మూలం మన దేశంలోనే ఉంది: బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారులు విడదీసి మూట కట్టుకుని తీసుకెళ్లిన, రూర్కీ పట్టణం పేరుతోనే పిలిచే కుర్చీ అది. డేనిష్ రూపకర్త బోర్గె మోగెన్సెన్, అమెరికాలో నిరాడంబరంగా బతికిన షేకర్లు అనే క్రైస్తవ శాఖవారి కుర్చీలను చదివాడు. మరో డేనిష్ రూపకర్త హన్స్ వెగ్నర్ చైనా మింగ్ కాలపు కుర్చీలను చదివి 1944లో చైనా కుర్చీ చేశాడు. ఆ ఆలోచననే ఒక్కో భాగం తగ్గించుకుంటూ వచ్చి 1949లో, వీపు దగ్గర వై అక్షరం ఆకారపు పలక ఉండే విష్‌బోన్ కుర్చీ దగ్గర తేలాడు. కాబట్టి ఈ సంప్రదాయంలో చేరడమంటే ఒక పాత రకాన్ని ఎంచుకుని, దాన్ని ఓపికగా బాగుచేయడం. ఇది ఒప్పుకోలేని వారికి ఈ చదువు చాలా నెమ్మదిగా సాగుతున్నట్టు అనిపిస్తుంది.

రెండో సంగతి, గీసేవాడికీ చేసేవాడికీ మధ్య ఉన్న సంబంధం. 1927 నుంచి 1966 వరకు కోపెన్‌హేగన్ వడ్రంగుల సంఘం ఏటా ప్రదర్శనలు జరిపింది. ఆర్కిటెక్టులూ కార్ఖానా యజమానులైన వడ్రంగులూ జతలుగా పనిచేసి కొత్త వస్తువులు అక్కడ పెట్టేవారు. రూపకర్తల్లో ఫిన్ యూల్ ఆర్కిటెక్టుగా చదివినవాడు, వడ్రంగం నేర్చినవాడు కాదు. ఆయన గీసిన కష్టమైన వంపులను నిలబెట్టింది వడ్రంగి నీల్స్ వోడర్ చేతులు. వెగ్నర్‌ది దీనికి ఎదురు దారి. టోండర్ అనే చిన్న పట్టణంలో పద్నాలుగేళ్లకే వడ్రంగి దగ్గర శిష్యుడుగా చేరి, ఆ పని పూర్తిగా నేర్చుకున్న తరువాతే కోపెన్‌హేగన్ వచ్చి డిజైన్ బడిలో చేరాడు. మరో రూపకర్త పౌల్ కియర్‌హోల్మ్ కూడా వడ్రంగిగానే మొదలై, తరువాత ఉక్కును ఎంచుకున్నాడు. అంటే రెండు దారులూ గొప్ప కుర్చీల దగ్గరికి చేర్చాయి. అయితే యూల్ దారిలో నడవాలంటే వోడర్ లాంటివాడు పక్కన ఉండాలి. అలాంటివాడు లేని ఊళ్లో కేవలం గీత మీద ఆధారపడటం కష్టమని నా నమ్మకం.

ఏ కుర్చీని గురువుగా పెట్టుకోవాలి

బడిని ఎంచుకునే ముందు కుర్చీని ఎంచుకోమని నేను సలహా ఇస్తాను, ఎందుకంటే ఒక్కో కుర్చీ ఒక్కో రకం పనితనాన్ని అడుగుతుంది.

మొదటిసారి చేసేవారికి మోగెన్సెన్ 1947లో డెన్మార్క్ సహకార సంఘాల సమాఖ్య కోసం గీసిన జె39 అన్నిటికంటె మంచి గురువు. సామాన్యులు కొనగలిగే ధరలో ఉండాలన్నది దాని షరతు కాబట్టి అందులో వృథా గీత ఒక్కటీ లేదు. గుండ్రంగా తరిణె పట్టిన కాళ్లు, అడ్డ కడ్డీలు, వీపుకు ఒక వెడల్పాటి వంపు పలక, కూర్చునే చోట కాగితాన్ని పురిపెట్టి చేసిన గట్టి తాడు అల్లిక, అంతే. తరిణె యంత్రం ఉన్న ఏ వడ్రంగి దగ్గరైనా దీని అస్థిపంజరాన్ని అర్థం చేసుకోవచ్చు. కాలికి వేసిన రంధ్రాలు సరైన కోణంలో పడకపోతే కుర్చీ మొత్తం మెలిపడుతుందన్న పాఠం ఇక్కడే, తక్కువ ఖర్చులో, బాగా తెలుస్తుంది.

విష్‌బోన్ చూడటానికి తేలిక, చేయడానికి కాదు. కార్ల్ హాన్సెన్ అండ్ సన్ దాన్ని 1950 నుంచి ఇప్పటిదాకా చేస్తూనే ఉంది. ఒక్క కుర్చీకి వందకు పైగా పని దశలు ఉంటాయి, కూర్చునే చోటికి దాదాపు 120 మీటర్ల కాగితపు తాడు పడుతుంది. చూసేవారు వెనుక కాళ్లను వంచారనుకుంటారు. నిజానికి వాటిని పలక నుంచి కోసి చెక్కుతారు, ఆవిరిలో వంచేది వీపు వెనుక నుంచి కుర్చీ చేతులుగా తిరిగే పైకమ్మీని మాత్రమే. ఏ భాగాన్ని వంచాలి, ఏ భాగాన్ని కోయాలి అని నిర్ణయించడం ఎంత ముఖ్యమో ఈ ఒక్క కుర్చీ చెబుతుంది. అందుకే దీన్ని రెండో గురువుగా పెట్టుకోవడం మంచిది.

వెగ్నర్ రౌండ్ చైర్ మూడో మెట్టు. 1949లో మొదట చేసినప్పుడు పైకమ్మీలో ముక్కలు కలిసే అతుకులు కనబడకుండా పేము చుట్టారు. తరువాత వేళ్లు పెనవేసుకున్నట్టుండే అతుకును వేసి, దాచకుండా బయటికే చూపించారు. అతుకు అన్నది సిగ్గుపడాల్సిన చోటు కాదు, చూపుకోవాల్సిన చోటు అన్న మార్పు నాకు ఈ సంప్రదాయంలో అన్నిటికంటె అందమైన ఘట్టం. అయితే దాని పైకమ్మీ అన్ని వైపులా మలుపు తిరుగుతుంది కాబట్టి మొదటి ఏడాదిలో దాని జోలికి వెళ్లవద్దు.

ఆర్కిటెక్టు ఆర్నె యాకోబ్సెన్ దారి పూర్తిగా వేరు. 1952లో నోవో మందుల కంపెనీ భోజనశాల కోసం గీసిన చీమ కుర్చీ, 1955 నాటి సిరీస్ 7 పలుచని చెక్క పొరలను జిగురుతో అచ్చులో నొక్కి చేసినవి. సిరీస్ 7లో అలాంటి పొరలు తొమ్మిది. వీటికి ప్రాణం వడ్రంగి బల్ల మీద కాదు, అచ్చులో ఉంటుంది. ఒక చిన్న కార్ఖానాలో రెండు వైపులా వంపు తిరిగే అచ్చు చేయడం ఖర్చుతో కూడుకున్న పని. పరిశ్రమలో ఉద్యోగం మీ లక్ష్యమైతే ఈ దారి సరైనది. సొంత కార్ఖానా మీ లక్ష్యమైతే ఇది చివర రావాలి. కియర్‌హోల్మ్ ఉక్కు కుర్చీల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను; లోహపు పని తెలిసినవారు తప్ప వాటితో మొదలుపెట్టకూడదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నేర్చుకోవడానికి ఒక కుర్చీని కొలిచి చేసుకోవడం వేరు, దాని నకలును అమ్మడం వేరు. డెన్మార్క్‌లో ఇలాంటి రూపకల్పనలకు రూపకర్త మరణించాక 70 ఏళ్ల వరకు కాపీరైట్ రక్షణ ఉంటుంది; వెగ్నర్ 2007లో మరణించాడు కాబట్టి ఆయన కుర్చీలకు ఆ రక్షణ ఇంకా ఉంది.

ఎక్కడ నేర్చుకోవాలి

గీత తక్కువైనవారికి, అంటే చెయ్యి తిరిగి ఉండి రూపకల్పనలో ఆలోచనను పదును పెట్టుకోవాలనుకునే వారికి, కోపెన్‌హేగన్‌లో హోల్మెన్ ప్రాంతంలో ఉన్న రాయల్ డేనిష్ అకాడమీ మాస్టర్స్ సరిపోతుంది. అది రెండేళ్ల చదువు. బ్యాచిలర్స్ ప్రధానంగా డేనిష్‌లో సాగుతుంది కాబట్టి మన విద్యార్థులకు మాస్టర్స్ స్థాయే దారి. ఐరోపా సమాఖ్య దేశాల విద్యార్థులకు రుసుము లేదు, మనవారికి ఉంది. దానికి కోపెన్‌హేగన్‌లో అద్దె, తిండి ఖర్చు కలపాలి. ఈ రెండో ఖర్చును తక్కువగా అంచనా వేసి వెళ్లి ఇబ్బంది పడే వారున్నారు. ఈ చోటు ఇచ్చే అసలు లాభం తరగతి గది కాదు, వర్క్‌షాపూ దగ్గరలోని డిజైన్ మ్యూజియమూ. మ్యూజియం భవనాన్ని పాత ఆసుపత్రి నుంచి మార్చిన వారిలో క్లింట్ ఒకడు. అక్కడ వంద దాటిన డేనిష్ కుర్చీలను వరుసగా నిలబెట్టిన ప్రదర్శన ఉంది. నోటు పుస్తకంతో ఒక వారం ఆ వరుస ముందు నిలబడగలిగితే, చదువు ఖర్చులో కొంత అక్కడే తిరిగి వస్తుంది.

చెయ్యి తక్కువైనవారికి డెన్మార్క్ ఇచ్చే ఉత్తమమైన శిక్షణ ఫర్నిచర్ వడ్రంగి శిష్యరికం. కొంత కాలం బడిలో, ఎక్కువ కాలం కార్ఖానాలో గడిపి, చివర పరీక్షా వస్తువు ఒకటి స్వయంగా చేసి చూపించాలి. వెగ్నర్ కుర్చీలను చేసే కార్ఖానాలు కూడా ఇలాంటి శిష్యులను తీసుకుంటాయి. కానీ మనవారిలో చాలామందికి ఈ తలుపు దాదాపు మూసి ఉన్నట్టే: డేనిష్ భాష రావాలి, శిక్షణ ఒప్పందం ఇచ్చే యజమాని దొరకాలి, నివాస అనుమతి కుదరాలి, ఏళ్ల తరబడి అక్కడే ఉండాలి. ఇప్పటికే డెన్మార్క్‌లో కుటుంబంతో స్థిరపడి, భాష నేర్చుకుంటున్న తెలుగువారికి మాత్రం దీన్ని మొదటి స్థానంలో పెడతాను. మాస్టర్స్ కంటె కూడా.

మధ్యలో ఫోక్ హైస్కూళ్లు ఉన్నాయి. 1844లో రోడింగ్‌లో మొదలైన ఈ వసతి బడులలో పరీక్షలూ పట్టాలూ ఉండవు. కొన్ని నెలలు అక్కడే తిని, అక్కడే ఉండి, ఇష్టమైన పని నేర్చుకుంటారు. స్కీవె పట్టణంలోని క్రాబెస్‌హోమ్ కళ, ఆర్కిటెక్చర్, డిజైన్ మీద నడిచే అలాంటి బడి. పట్టా అవసరం లేని వారికి, ఉద్యోగం మధ్యలో కొన్ని నెలల విరామం తీసుకోగలిగిన వారికి ఇది మంచిది. పట్టా చూపించి ఉద్యోగం వెతుక్కోవాల్సిన వారికి కాదు.

అమెరికాలో డిగ్రీ చదువుతున్న మన పిల్లలకు ఇంకో అవకాశం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయాల విద్యార్థులను కోపెన్‌హేగన్‌కు తీసుకొచ్చే డిఐఎస్ సంస్థ వేసవిలో ఫర్నిచర్ డిజైన్ వర్క్‌షాపు నడుపుతూ వచ్చింది. అందులో విద్యార్థి కుర్చీని గీయడంతో ఆగకుండా పూర్తి పరిమాణంలో చెక్కతో చేసి చూపిస్తాడు. కొన్ని వారాల్లో ఒక కుర్చీ పూర్తిచేయడం తొందరపాటే అయినా, ఈ రంగం తనకు సరిపోతుందా లేదా అని తేల్చుకోవడానికి ఇంతకంటె నిజాయితీ అయిన పరీక్ష నాకు తెలియదు.

మన దేశంలోనే ఉండి నేర్చుకోవాలనుకునే వారికి అహ్మదాబాద్ ఎన్.ఐ.డి.లో ఫర్నిచర్ డిజైన్ చదువు ఉంది. అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1961లో ఏర్పడిన ఈ సంస్థలో వర్క్‌షాపు పనికి మొదటి నుంచీ విలువ ఉంది. మన దగ్గర ఎన్.ఐ.డి. ఆంధ్రప్రదేశ్‌లో పారిశ్రామిక డిజైన్ బోధిస్తారు కానీ దాన్ని కుర్చీ కోసమే ఎంచుకోవడం సరికాదు. యంత్రాల మీద పని నేర్చుకోవాలంటే బెంగళూరులోని చెక్క శాస్త్ర సాంకేతిక సంస్థలో నడిచే వడ్రంగం శిక్షణ కేంద్రం హైదరాబాద్‌కు దగ్గరి దారి. కన్నూ చెయ్యీ రెండూ తక్కువైన యువకుడికి నా మొదటి సలహా అహ్మదాబాద్. కోపెన్‌హేగన్ ఆ తరువాత.

నమూనా ఎలా చేయాలి

ఏ బడిలో చేరినా, చేరకపోయినా, నమూనా చేసే క్రమాన్ని డేనిష్ పద్ధతిలోనే నేర్చుకోవాలి. మొదట ఐదో వంతు పరిమాణంలో చిన్న నమూనా. వెగ్నర్ దాదాపు ప్రతి ఆలోచననూ ఈ పరిమాణంలో చేసి చూసేవాడు. దీనివల్ల కుర్చీ రూపం, పక్క నుంచి కనిపించే గీత తెలుస్తాయి; సౌకర్యం తెలియదు. తరువాత పూర్తి పరిమాణపు గీత: ముందు, పక్క, పై చూపులను ఒకే పెద్ద కాగితం మీద ఒకదానిపై ఒకటి పడేలా వేరు వేరు రంగుల్లో గీస్తారు. చూసేవారికి మొదట గజిబిజిగా ఉంటుంది, కానీ ఏ కాలు ఏ కమ్మీని ఎక్కడ కలుస్తుందో ఒక్క కాగితం మీదే పట్టుబడుతుంది. కంప్యూటర్ తెర మీద గీయడానికి అలవాటుపడినవారు ఈ దశను వదిలేస్తారు. వదిలేయవద్దని గట్టిగా చెబుతాను. తెర మీద 44 సెంటీమీటర్లు ఎంతో కంటికి తెలియదు. గోడకు అతికించిన కాగితం మీద మోకాలికి తెలుస్తుంది.

తరువాత చవక చెక్కతో, స్క్రూలతో బిగించిన కూర్చునే నమూనా. భోజనం కుర్చీకి నేను మొదలుపెట్టే కొలతలు ఇవి: కూర్చునే ఎత్తు ముందు అంచు దగ్గర 43 నుంచి 45 సెం.మీ., లోతు 40 నుంచి 43 సెం.మీ., వీపు వాలు కూర్చునే పలకతో 100 నుంచి 105 డిగ్రీల కోణంలో, చేతులు ఉంటే కూర్చునే చోటికి 20 నుంచి 23 సెం.మీ. ఎత్తులో. మన ఇళ్లలో పొట్టిగా ఉండే పెద్దలు ఎక్కువసేపు కూర్చునే కుర్చీకి ఎత్తును రెండు సెంటీమీటర్లు తగ్గించి చూడటం మంచిది, ఎందుకంటే పాదం నేలకు ఆనకపోతే తొడ కింద నొప్పి మొదలవుతుంది. నేను చేసిన మొదటి నమూనాలో కూర్చునే పలకను సమతలంగా పెట్టాను. చూడటానికి శుభ్రంగా ఉండేది, కానీ కూర్చున్న ప్రతి ఒక్కరూ పది నిమిషాల్లో ముందుకు జారేవారు. పలక వెనుక అంచును రెండు సెంటీమీటర్లు దించగానే, వేరే ఏ మార్పూ లేకుండా, అదే కుర్చీలో మనుషులు స్థిమితంగా కూర్చున్నారు. ఈ మార్పు చిన్న నమూనాలో ఎప్పటికీ కనిపించేది కాదు.

కంప్యూటర్ ఆదేశాలతో చెక్కను కోసే సి.ఎన్.సి. యంత్రంతో, త్రీడీ ముద్రణతో నమూనాలు చేయడాన్ని నేను తోసిపుచ్చను. కుర్చీ చేతి దగ్గర వేళ్లకు తగిలే వంపును సరిచూడటానికి ముద్రించిన ముక్క బాగా పనికొస్తుంది. కానీ అతుకు బలాన్ని ప్లాస్టిక్ ముక్క చెప్పలేదు. కుర్చీలో మనిషి వెనక్కి వాలి ముందు కాళ్లను గాలిలోకి లేపినప్పుడు బరువంతా కూర్చునే చోటును మోసే పక్క కమ్మీ వెనుక కాలిలో దిగే చోట పడుతుంది. కుర్చీలు విరిగేది ఎక్కువగా అక్కడే. కమ్మీ పై అంచు నుంచి కింది అంచు దాకా ఎంత వెడల్పుగా ఉంటే ఆ అతుకు అంత నిలుస్తుంది. కమ్మీని సన్నం చేయాలంటే కింద ఇంకో అడ్డకడ్డీ వేసి ఆ భారాన్ని పంచాలి. సాధారణంగా కాలి రంధ్రంలోకి దిగే కమ్మీ కొస, అంటే నాలుక, దాని మందం కమ్మీ మందంలో మూడో వంతు ఉండేలా చూసుకోవాలి. చివరి చెక్క మీద ఉలి పెట్టే ముందు ఈ ఒక్క అతుకును నాలుగైదు సార్లు చేసి, జిగురు ఆరాక సుత్తితో పగలగొట్టి చూడటం మంచి అలవాటు. చెక్క చీలిందా, జిగురు వదిలిందా అన్నది చూస్తే తప్పు ఎక్కడో తెలుస్తుంది.

చెక్క ఎంపికలో ఒక మాట. డెన్మార్క్‌లో ఓక్, యాష్, బీచ్ ఎక్కువగా వాడతారు. ఆవిరిలో వంచడానికి ఈ మూడూ అనుకూలమైనవి. పూర్తిగా యంత్రంలో ఎండబెట్టిన చెక్క కంటె గాలికి ఆరిన చెక్క బాగా వంగుతుంది; ప్రతి 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు గంట ఆవిరి పట్టాలి; వంచేటప్పుడు బయటి వైపు ఉక్కు పట్టీ బిగించాలి, ఎందుకంటే వేడెక్కిన చెక్క లోపలి వైపు నొక్కుకుంటుంది కానీ బయటి వైపు సాగడానికి ఒప్పుకోదు. మన టేకు అంత తేలికగా వంగదు. అయినా టేకు ఈ సంప్రదాయానికి పరాయిది కాదు. 1950లలో డేనిష్ కార్ఖానాలు టేకుతో ఎన్నో కుర్చీలు చేశాయి. కాబట్టి ఆదిలాబాద్ టేకుతో పనిచేసేవారు వంపులను కోసి చెక్కే రూపాలు ఎంచుకోవాలి, జిగురు పూసే ముందు అతుకు ముఖాల మీది సహజమైన నూనెను తుడిచేయాలి, ఇసుక కణం లాంటి గట్టి పదార్థం ఆ చెక్కలో ఉంటుంది కాబట్టి ఉలిని మాటిమాటికీ సానపట్టాలి. కాగితపు తాడు దొరకని చోట నూలు తాడుతో అల్లి చూడవచ్చు. నులక మంచం అల్లినవారికి తాడును ఎంత బిగించాలో చెయ్యే చెబుతుంది. అల్లిక మాత్రం వేరు, నాలుగు మూలల నుంచి మధ్యకు వస్తుంది.

ఇప్పటికిప్పుడు నిర్ణయం తీసుకోవాల్సిన వారికి నా సలహా ఇది. ఎక్కడా దరఖాస్తు పెట్టకముందే మీ ఇంట్లో అందరూ ఇష్టపడి కూర్చునే పాత కుర్చీని ఒకటి తీసుకుని, దాని పూర్తి పరిమాణపు గీత వేసి, చవక చెక్కతో నమూనా చేయండి. అది పూర్తయ్యేసరికి మీరు ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది: గీత దగ్గరైతే మాస్టర్స్, అతుకు దగ్గరైతే వడ్రంగి బల్ల లేదా బెంగళూరు, రెండు చోట్లా అయితే అహ్మదాబాద్. ఆ నమూనా ఫోటోలను, సరిచేసిన కొలతలతో పాటు, దరఖాస్తు పోర్ట్‌ఫోలియోలో పెట్టండి; మెరుగులు దిద్దిన తెర బొమ్మల కంటె, రెండు సెంటీమీటర్లు ఎందుకు దించారో రాసిన ఒక్క పేజీ అక్కడి అధ్యాపకులకు మీ గురించి ఎక్కువ చెబుతుంది.